మిత్రులతో నౌకావిహారము: దివిసీమ పాయలు, పోటు వేళలు

మిత్రులు నలుగురు చేరిన చోట సముద్రయాత్ర మాట రాక మానదు. 2022వ సంవత్సరము జూను మాసమున ఒక గొప్ప విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చి యాత్రికులను పుదుచ్చేరి, చెన్నపట్టణముల వైపు గొనిపోయినది మొదలు, మా గుడివాడ మిత్రులకు ఆ ముచ్చట మఱింత హెచ్చినది. ఓడలో భోజనశాలలు, ఈతకొలను, పాటకచేరీలు గలవట! "బందరు రేవు అంత పేరుగలది గదా, ఆ ఓడ ఇచ్చటి కేల రాదు?" అని వారడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పబోయి మేము వేఱొక యాత్రకు బయలుదేఱవలసి వచ్చినది.

బందరు రేవు పేరు అబద్ధము కాదు. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును ఇచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. కాని ఆ దినములలో గూడ పెద్ద ఓడలు ఒడ్డు చేరలేదు. కృష్ణానది యేటేట తెచ్చు ఒండ్రు తీరము ముందర పఱచుకొనుటచే సముద్రమచ్చట మిగుల మెల్లగా లోతగును. ఓడలు కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసికొనగా, సరకులును జనులును చిన్న పడవలలో వచ్చి పోవుచుండిరి. 2023లో ఆరంభమైన క్రొత్త రేవు నిర్మాణమున త్రవ్వకము పెద్ద పనియగుటకు హేతువిదియే. కనుక మన సీమలో నీటిమీద విహరింపగోరువారు ఓడను మఱచి పడవను తలపవలెను.

మన పెద్దలకు పడవ ప్రయాణము వింత కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువలు సేద్యమునకే గాక రాకపోకలకును మార్గములైనవి. ఏలూరు మీదుగా గోదావరి కాలువలకును, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగుహాము కాలువ వెంబడి మద్రాసునకును పడవలు సాగెడివి. గాలి యున్నచో తెరచాప. లేనిచో గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగుట. తరువాత బస్సులు వచ్చి ఆ వైభవమును మ్రింగివేసినవి. అందులకు మాకు కొంచెము విచారమే గాని, రాత్రియంతయు దోమలతో పయనించిన వారి యభిప్రాయము వేఱుగా నుండునేమో!

పులిగడ్డ యొద్ద కృష్ణ రెండు పాయలగును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ నున్నదే దివిసీమ. ఒక పాయ హంసలదీవి వద్ద కడలి గలియును. మాఘపూర్ణిమనాడు అచ్చట జనులు సంగమస్నానము చేయుదురు. మఱియొక పాయ నాగాయలంక ప్రక్కగా దిగి, ఎదురుమొండి మొదలగు లంకల నడుమ మఱల చీలును. అందలి మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యమున చేరినవి. అడవిశాఖవారి అనుమతి లేక లోనికి పోరాదు. మడచెట్ల వేళ్లు బురదలోనుండి పెన్సిళ్లవలె పైకి నిక్కియుండును. ఉప్పునీటి బురదయందు గాలి చొరదు గనుక, నీరు తీసిన వేళ చెట్టు ఆ వేళ్లతో ఊపిరి పీల్చుకొనును. చేపలు పట్టి తిను బావురుపిల్లి ఈ అడవిలో నివసించును గాని పగటివేళ కనబడుట అరుదు. మాకును కనబడలేదు.

ఈ యాత్రకు జనవరి, ఫిబ్రవరి మాసములు మంచివి. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో పదివేలమందికి తక్కువగాక ప్రాణములు గోల్పోయిరి. ఆ మాసములలో విహారము మాట ఎత్తినచో నాగాయలంకలోని వృద్ధులు మారుపలుకక లేచిపోవుదురు.

మాసము మంచిదైనను వేళ మంచిది కావలెను. ఒక పోటునకును మఱియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కనుక నేడు ఎనిమిది గంటలకు నీరు నిండినచో, ఱేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా నిండును. అమావాస్యకును పూర్ణిమకును సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్క వరుసను గూడుటచే పోటు మిక్కిలి ఎత్తునకు వచ్చును; ఆటు మిక్కిలి దిగువకు పోవును. ఇది భూగోళ పాఠమున మేము చదివినదే. పరీక్షలో వ్రాసినదే.

సంక్రాంతి సెలవులలో, అమావాస్య మఱునాడు, మేము పదునొకండ్రము నాగాయలంకలో ఇంజను పడవ నెక్కబోతిమి. ఎనిమిది మందికి మించి ఎక్కించుకొననని సరంగు ఖండితముగా చెప్పెను. స్నేహితులను విడదీయుచున్నాడని గొణిగికొనుచు రెండు పడవలలో ఆర్గురు, ఐదుగురుగా కూర్చుంటిమి. లైఫ్ జాకెట్టు కట్టనిదే ఇంజను తిప్పలేదు. పోటు నిండిన ఎనిమిది గంటలకు బయలుదేఱి, తొమ్మిదిన్నరకు ఇసుకదిబ్బ వెనుకనున్న చిన్న పాయలో పడవలు కట్టితిమి. "పదికల్లా ఎక్కాలి బాబూ, నీరు తీసేస్తుంది," అని సరంగు ముందే చెప్పెను.

రెండవ పడవవారు పదికే ఎక్కి వెళ్లిపోయిరి. మేము గవ్వలు ఏరుకొంటిమి, ఫొటోలు తీసికొంటిమి, పిలిచిన ప్రతిసారియు "వచ్చె, వచ్చె" నంటిమి. పదునొకండున్నరకు వచ్చి చూడగా పడవ అడుగు బురద నంటియుండెను. మాలో ఈతకు పేరుగన్న వాడొకడు త్రోసెదనని దూకి తొడల వఱకు దిగబడెను. ఈత నీటిలో అక్కఱకు వచ్చును గాని ఒండ్రులో రాదు. "కాళ్లు పీక్కోకు బాబూ, వెనక్కి వాలు!" అని సరంగు కేకవేసెను. బలముగా లాగుకొన్నచో బురద మఱింత బిగియును; వెల్లకిల వాలినచో బరువు విస్తరించును; కాళ్లు మెల్లగా కదల్చినచో చుట్టును నీరు చేరి పట్టు సడలును. పడవలోని పలకను వానిక్రింద దూర్చి, పావుగంట శ్రమపడి పైకి తీసిరి. అంతవఱకు మాలో నవ్విన వారెవరును లేరు.

తరువాత చేయదగినది ఏమియు లేదు. చేతిఫోనులకు సంకేతము లేదు. త్రాగునీరు రెండు సీసాలు. రెండు గంటలు దాటిన పిదప ఆటు ముగిసి పోటు మఱలెను గాని, పడవ తేలుటకు అయిదయినది. ముందు చేరిన మిత్రులు "వెనుకనే వచ్చుచున్నారు" అని చెప్పుటచే మా తలిదండ్రుల కలవరము తగ్గుటకు మాఱుగా హెచ్చినది. చీకటిపడి ఆఱున్నర దాటిన తరువాత రేవు చేరగా, గట్టుమీద లాంతరులతో సగము ఊరు నిలిచియుండెను. మా మిత్రుని తల్లి ఒక్క మాటయు ననలేదు. వాని కాళ్లకు ఎండిన బురదను చేతితో తడవి చూచెను.

ఆలస్యమునకై అదనముగా ఇవ్వబోయిన సొమ్మును సరంగు పుచ్చుకొనలేదు. "రేపు పొద్దున్నే వేరేవాళ్లు ఎక్కుతారు బాబూ, పడవ కడిగి వెళ్లండి," అనెను. లాంతరు వెలుగున ఆర్గురమును బకెట్లు పట్టి పడవ కడిగితిమి.