గడ్డుకాలంలో సమ్మె చేయవచ్చా?



వార్షికోత్సవం ముందురోజు రాత్రి మెస్ హాల్లో పాత విద్యార్థులందరం కూర్చుని మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. మదనపల్లె వాళ్లం, పుంగనూరు వాళ్లం, కుప్పం వాళ్లం ఒక్కచోట కలిసేది ఆ రాత్రే. ఈసారి మాటలు పాత జ్ఞాపకాల దగ్గర ఆగలేదు. మాలో కొందరు బెంగళూరులో బైకు మీద భోజనం, సరుకులు ఇంటింటికీ చేర్చే పనిలో ఉన్నారు. ఒకరు పుంగనూరు దగ్గర పల్లెలో గ్రామీణ డాక్ సేవక్.

"ఆర్డర్లు తగ్గినాయి, రేటూ తగ్గించినారు. సమ్మె చేయకుంటే ఇంకా తగ్గిస్తారు" అన్నాడు ఒక అన్న.

"సమ్మె అని నాలుగు దినాలు కూర్చుంటే బండి కంతు ఎవురు కడతారన్నా?" అని అడిగాడు ఒక తమ్ముడు.

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే ఆ రాత్రి మేము చర్చించుకున్నది, తర్వాత చదివి తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాము.

సమ్మె బలం ఎక్కడుందో తెలియాలంటే మన మదనపల్లె టమోటా మార్కెట్టును తలచుకుంటే చాలు. 2023 జులై నెలాఖరులో అక్కడ కిలో టమోటా దాదాపు 200 రూపాయలు పలికింది. అలాంటి రోజున హమాలీలు లోడు ఎత్తమంటే మండీ యజమాని వెంటనే మాటలకు వస్తాడు. గంట ఆలస్యమైనా అతనికి నష్టమే. ధర పడిపోయి రైతు పంటను రోడ్డు పక్కన పారబోసే రోజున అదే హమాలీలు పని ఆపితే ఎవరికీ పెద్దగా నొప్పి తెలియదు. పని ఆగినందువల్ల అవతలివాడికి ఎంత నష్టమో, సమ్మెకు అంత బలం.

ఆర్థిక మాంద్యంలో ఈ బలం తగ్గుతుంది. గిరాకీ తక్కువ కాబట్టి కంపెనీకి తొందర ఉండదు. వేరే పనులు పోయినవాళ్లు ఇదే పనికి వస్తారు కాబట్టి మన స్థానంలో మరొకరు దొరుకుతారు. ఇంట్లో దాచుకున్న డబ్బు ఉండదు కాబట్టి మనం ఎక్కువ రోజులు తట్టుకోలేము.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. రేట్లు తగ్గించేది ఎక్కువగా ఇలాంటి కాలంలోనే. ఒకసారి తగ్గిన రేటు మంచిరోజులు వచ్చాక దానంతటదే పెరగదు. రేపటి బేరం ఆ తగ్గిన రేటు దగ్గరే మొదలవుతుంది.

ఇది జరిగిన కథే. కరోనా లాక్‌డౌన్ వల్ల 2020 ఏప్రిల్-జూన్ మధ్య దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. ఆ గడ్డుకాలంలోనే ఆగస్టులో చెన్నైలో, సెప్టెంబరులో హైదరాబాదులో స్విగ్గీ డెలివరీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆర్డరుకు ఇచ్చే కనీస మొత్తాన్ని 35 రూపాయల నుంచి 15కు తగ్గించారన్నది వాళ్ల ఆరోపణ. ఆ 15 మొత్తం చెల్లింపులో ఒక భాగం మాత్రమేనని కంపెనీ జవాబిచ్చింది. వాళ్లు కొత్తగా పెంచమని అడగలేదు, ఉన్నది తీయొద్దన్నారు. ఈ తేడాను మనం గుర్తుపెట్టుకోవాలి.

2025 డిసెంబరు 31న గిరాకీ ఎక్కువగా ఉండే రోజు చూసి తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్, దాని అఖిల భారత సమాఖ్య సమ్మెకు పిలుపునిచ్చాయి. కంపెనీలు ఆ రోజు ప్రోత్సాహకాలు పెంచాయి. జొమాటో, బ్లింకిట్ కలిపి 75 లక్షలకు పైగా ఆర్డర్లు చేర్చామని వాటి అధిపతి చెప్పుకున్నారు. ఆ లెక్క చూస్తే సమ్మె ఓడినట్టే. కానీ 10 నిమిషాల డెలివరీ వల్ల రోడ్డు మీద ప్రాణాలకు ముప్పు అన్న మాట దేశమంతా పాకింది. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడాక బ్లింకిట్ ఆ 10 నిమిషాల ప్రచారాన్ని తీసేసింది. ఆర్డర్లు ఆగకపోయినా జనం ఆలోచించారన్నమాట.

మన డాక్ సేవక్ అన్న చెప్పిన అనుభవం వేరు. 2018 మే 22న దేశవ్యాప్తంగా గ్రామీణ డాక్ సేవకులు సమ్మె మొదలుపెట్టి దాదాపు పక్షం రోజులు నడిపారు. అడిగింది ఒక్కటే, వేతనాలపై కమలేశ్ చంద్ర కమిటీ ఇచ్చిన నివేదికను అమలు చేయమని. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం వేతన సవరణకు ఆమోదం తెలిపింది. కనీస మొత్తం నెలకు 10 వేల రూపాయలైంది. మూడు లక్షల మందికి పైగా లాభపడ్డారు. అడిగేది స్పష్టంగా ఉండడం, దానికి ప్రభుత్వ కమిటీ మాటే ఆధారం కావడం వాళ్లకు కలిసొచ్చింది.

గడువు లేని సమ్మె ఎంత భారమో 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు చూశారు. 52 రోజులు జీతం లేక కుటుంబాలు నలిగిపోయాయి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ప్రధాన కోరిక తీరకుండానే విధుల్లో చేరవలసి వచ్చింది. బ్రిటన్ తపాలా కార్మికులు 2022లో ధరలు మండిపోతున్నప్పుడు వేరే దారి పట్టారు. ఏకబిగిన కాకుండా, రోజులు ఎంచుకుని మొత్తం 18 రోజులు పని ఆపారు. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. యాప్ మీద పనిచేసేవారిని కంపెనీలు ఉద్యోగులుగా కాక 'భాగస్వాములు'గా చూపుతాయి. అందుకే సమ్మె చేసినవారి ఐడీని ఆపేస్తే రక్షణ కష్టం. అదే రోజు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ మాత్రం వీరిని గుర్తించింది. కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం వీరి సంక్షేమానికి ఇవ్వాలంది. కాబట్టి ఈ పనిలో ఉన్న మన సోదరులు ఈ-శ్రమ్‌లో తప్పక పేరు నమోదు చేసుకోవాలి.

ఇంతకీ మేము తేల్చుకున్నదేమిటి? గడ్డుకాలంలో సమ్మె తప్పు కాదు. కానీ కొత్త కోరికల కోసం కాక, ఉన్నది పోకుండా కాపాడుకోవడానికి చేయాలి. ముందు మాట్లాడాలి, నోటీసు ఇవ్వాలి. గడువు పెట్టుకుని, రోజు ఎంచుకుని చేయాలి. మంచిరోజుల్లోనే నెలకు కొంత పక్కన పెట్టి నిధి కూడబెట్టుకోవాలి. బండి కంతు గురించి తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఆ నిధే జవాబు. అది లేకుండా సమ్మెకు పిలిచేవారు ఆ తమ్ముడి ఇంటి పొయ్యి గురించి ఆలోచించనట్టే.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లారా! మీలో చాలామందికి ఖర్చులకు డబ్బు పంపేది ఇలాంటి అన్నలే. సమ్మె వార్త చదివినప్పుడు ఎవరు గెలిచారని మాత్రమే చూడకండి. వాళ్లు ఏమి అడిగారో, ఎందుకు అడిగారో కూడా చదవండి. రేపు మీరు ఆ బండి మీద ఉన్నా, ఆఫీసు కుర్చీలో ఉన్నా ఆ అవగాహన మీకు పనికొస్తుంది.