పచ్చికబయళ్లలో పాచి, కప్పుగడ్డి: వాటిని తొలగించు సాధనములు

దూరమునుండి చూచినపుడు పచ్చికబయలు ఒకే పచ్చని తివాచీవలె కనబడును. కాని ఒకచోట దానిని కత్తితో కోసి, మట్టితోసహా ఒక ముక్కను పైకెత్తి ప్రక్కనుండి పరిశీలించినచో మూడు పొరలు కానవచ్చును. పైన పచ్చని ఆకులు, అడుగున మట్టి, ఈ రెంటి నడుమ గోధుమరంగుగల పీచువంటి పొర. ఈ నడిమిపొరకు ఇంగ్లీషులో ‘థాచ్’ అని పేరు. ఇంటికప్పునకు వేయు గడ్డికున్న పేరే దీనికిని వచ్చినది. తెలుగులో దీనిని కప్పుగడ్డి అనవచ్చును.

చచ్చిన కాండములు, వేళ్లు, వాటితో అల్లుకొనిన కొన్ని సజీవభాగములు కలిసి కప్పుగడ్డి ఏర్పడును. వీటిలో లిగ్నిన్ అను గట్టి పదార్థము హెచ్చుగా నుండుటచే ఇవి త్వరగా కుళ్లవు. కోతయంత్రము విడిచిన లేత ఆకుముక్కలు దీనికి ముఖ్యకారణమని పలువురు తలంతురు. కాని వాటిలో అధికభాగము నీరే యగుటచే అవి త్వరలోనే మట్టిలో కలిసిపోవును. కప్పుగడ్డి సుమారు 1.25 సెంటీమీటర్ల మందమువరకు మేలే చేయును; నేల తడి ఆరకుండ కాపాడును, అడుగు మోపినపుడు మెత్తగా నుండును. అంతకు మించినచో నీరు నేలలోనికి దిగదు. వేళ్లు మట్టిని విడిచి ఆ పీచులోనే పెరిగి, కొలది ఎండకే గడ్డి వాడిపోవును.

పాచి సంగతి వేరు. ఇచట పాచియనగా నీటిలోని శైవలములు కావు. తడిగోడలపై మఖమలువలె పెరుగు ‘మాస్’ జాతి మొక్కలు. వీటికి నిజమైన వేళ్లు లేవు. సన్నని మూలతంతువులతో నేలను అంటిపెట్టుకొనియుండును. నీటిని చాలవరకు ఆకుల ద్వారానే పీల్చుకొనును. నీడ, చెమ్మ, అణగిన నేల, ఆమ్లగుణము—వీటివలన గడ్డి బలహీనపడినచోట పాచి వ్యాపించును. అందుచేత చల్లని, తేమగల బ్రిటన్‌లో ఇది తోటమాలులకు నిత్యసమస్య.

పరికరమును నిర్ణయించునది ఈ నిర్మాణభేదమే. వేళ్లులేని పాచిని దువ్వినచాలును. అల్లుకొనిన కప్పుగడ్డిని కోయవలెను. దువ్వుటకు స్ప్రింగుదంతె తగినది. దాని ఉక్కుతీగల పండ్లు వంగి మరల లేచును గనుక గడ్డిని అంతగా పెకలింపవు. చిన్న స్థలములకు చేతిదంతె, పెద్దవాటికి మోటారుతో తిరుగు ఇరుసుపై ఇట్టి తీగలుగల యంత్రము వాడుదురు. కప్పుగడ్డికి స్కారిఫైయరు అను యంత్రము కావలెను. ఇందులో అడ్డయిరుసుపై వరుసగా నిలిపిన ఉక్కుబ్లేడ్లు తిరుగుచు పీచును కోసి పైకి లాగును. బ్లేడ్ల లోతును సవరించు ఏర్పాటు లేని యంత్రము కొనదగదు. ఒకేసారి లోతుగా కోసినచో పచ్చిక సమూలముగా లేచివచ్చును.

తరువాత చూడవలసినది వైశాల్యము. 40 సెంటీమీటర్ల వెడల్పుగల యంత్రమును గంటకు 3 కిలోమీటర్ల వేగముతో నడిపినచో గంటకు 1,200 చదరపు మీటర్ల పని జరుగును. ఒక హెక్టారునకు, అనగా 10,000 చదరపు మీటర్లకు, 8 గంటల 20 నిమిషములు పట్టును. ట్రాక్టరు లాగు 120 సెంటీమీటర్ల పరికరము గంటకు 5 కిలోమీటర్ల వేగముతో అదే పనిని 1 గంట 40 నిమిషములలో ముగించును. మలుపులకు పట్టు కాలము వీటికి అదనము. అయితే తడినేలపై బరువైన ట్రాక్టరు నడిచినచో మట్టి అణగి, పాచికే మరల అనుకూలమగును. కావున నేల ఆరినపుడే, వెడల్పైన టైర్లతో దానిని నడుపవలెను.

వెలువడు చెత్తను మరువరాదు. హెక్టారు నేలపై 1 సెంటీమీటరు మందముగల పొర 100 ఘనమీటర్లగును. అందు మూడవవంతు తీసినను 33 ఘనమీటర్లు. దానిని ఎత్తు ఏర్పాటు లేనిచో ఎంత మంచి యంత్రమైనను పని సగములో నిలిచిపోవును.

పాచి దట్టముగా నున్నచో ముందు దానిని చంపవలెను. ఏలయన తెగిన ముక్కలనుండి అది మరల మొలవగలదు. తెలుగునాట అన్నభేది అనబడు ఫెర్రస్ సల్ఫేటును చల్లినచో పాచి నల్లబడి చచ్చును, అపుడు దువ్వవలెను. గడ్డి చురుకుగా పెరుగు కాలముననే ఈ పనులు చేయదగును. బ్రిటన్‌లో సెప్టెంబరు అనుకూలము. తెలుగువారి గరిక వేడిమిని కోరును; అది పాకుకాండములతో గాయములను పూడ్చుకొనగలదు. కాని ఆ కాండములే కప్పుగడ్డిని పెంచుటచే, గరిక మైదానములకును బ్లేడ్లయంత్రము అవసరమగుచుండును. కుదుళ్లుగా పెరుగు రైగడ్డి అట్లు పాకలేదు. ఖాళీలలో విత్తనము చల్లవలెను.

యంత్రము పేరుకొనినదానిని తీసివేయగలదు గాని పేరుకొనుటకు కారణమును తీసివేయలేదు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో 1856లో ఆరంభమైన ‘పార్క్ గ్రాస్’ ప్రయోగము దీనికి తార్కాణము. అచట సున్నము వేయక అమ్మోనియం లవణములనే ఏటేట వేసిన మళ్లలో నేల మిక్కిలి ఆమ్లమై, వానపాములు కరవై, చచ్చిన గడ్డి చాపవలె పేరుకొనినది. ఆకులను లోనికి లాగి మట్టిగా మార్చుటలో వానపాముల పాత్రను డార్విన్ 1881లో వెలువడిన గ్రంథమున వివరించియుండెను. కనుక యంత్రమును కొనుటకు ముందు కత్తితో ఒక ముక్కను కోసి పొర మందమును, లిట్మసు కాగితముతో మట్టి గుణమును పరీక్షించుట వివేకము. పాఠశాల మైదానమున ఈ పరీక్షను విద్యార్థులే చేయవచ్చును.