అపరిచితుణ్ణి ఏమని పిలవాలి?

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై దైవకారుణ్యం, శాంతి వర్షించుగాక!



మసీదు నుండి ఇల్లు చేరేలోగా మనం ఎంతమందిని పిలుస్తామో ఆలోచించండి. ఆటో నడిపే వ్యక్తిని, పండ్లు అమ్మే స్త్రీని, వీధి ఊడ్చే కార్మికుణ్ణి, హోటల్లో టీ అందించే పిల్లవాణ్ణి పిలుస్తాము. వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. పేరు తెలియని మనిషిని మనం ఏ మాటతో పిలుస్తామో, మన దృష్టిలో అతని విలువ ఎంతో ఆ మాటే చెప్పేస్తుంది. నేటి ప్రసంగాంశం ఇదే.

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా అల్ హుజురాత్ 11వ ఆయతులో అల్లాహ్ మూడు విషయాలను నిషేధించాడు: ఒకరినొకరు ఎగతాళి చేయటం, దెప్పిపొడవటం, చెడ్డపేర్లతో పిలుచుకోవటం. ఈ ఆయతు అవతరణ సందర్భాన్ని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలు తెలియజేస్తున్నాయి. మదీనాలోని బనూ సలిమా తెగలో ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లుండేవి. దైవప్రవక్త (స) వారిలో ఒకరిని ఒక పేరుతో పిలిచినప్పుడు, ఆ పేరు వింటే అతనికి కోపం వస్తుందని పక్కనున్నవారు విన్నవించేవారు. అంటే ఇక్కడ కొలమానం పిలిచేవాని ఉద్దేశం మాత్రమే కాదు, పిలిపించుకునేవాని మనసు కూడా. ‘నేను తప్పుగా అనలేదు, అందరూ అలాగే పిలుస్తారు’ అనే సాకు ఇక్కడ చెల్లదు.

మన ఉలమాలు ఈ విషయాన్ని మరింత వివరించారు. ఎదుటివానికి నచ్చని పేరు, అది అతని శరీరంలో నిజంగా ఉన్న లోపాన్ని తెలిపేదైనా సరే, వాడరాదు. అయితే ఒక వ్యక్తిని గుర్తించటానికి వేరే మార్గం లేనప్పుడు, కించపరిచే ఉద్దేశం లేనప్పుడు కొంత సడలింపు ఉంది. చూపు మందగించిన కూఫా విద్వాంసుడు సులైమాన్ ‘అల్ అఅమష్’గా హదీసు పరంపరలలో ప్రసిద్ధి చెందటం ఇలాంటిదే. ఈ సడలింపును కూడా పెద్దలు ఎంత జాగ్రత్తగా వాడారో చూడండి. బస్రాకు చెందిన హదీసువేత్త ఇస్మాయీల్ బిన్ ఇబ్రాహీమ్‌ను ప్రజలు ఆయన తల్లి పేరుతో ‘ఇబ్నె ఉలయ్యా’ అనేవారు. ఆయనకు అది ఇష్టముండేది కాదు. అందుకే ఇమామ్ షాఫయీ (రహ్మలై) ఆయన అసలు పేరు ఇస్మాయీల్ అని ముందుగా చెప్పి, ప్రజలు ఆయనను ఇబ్నె ఉలయ్యా అంటారని తరువాత జోడించేవారు. ఒక మనిషి అయిష్టాన్ని గౌరవించటానికి ఆ మహనీయుడు తన వాక్యాన్నే మార్చుకున్నారు.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ‘అబూ తురాబ్’ అంటే మట్టి తండ్రి అని అర్థం. మసీదులో నేలపై పడుకుని, వీపుకు మట్టి అంటిన హజ్రత్ అలీ (రజి)ని దైవప్రవక్త (స) ఆప్యాయంగా అలా పిలిచారు. హజ్రత్ అలీకి అంతకన్నా ప్రియమైన పేరు మరొకటి లేదు. తరువాతి కాలంలో ఆయన విరోధులు అదే మాటను నిందగా వాడారు. మాట ఒక్కటే, మనసులు వేరు. కాబట్టి ఆప్తులు చనువుగా పిలిచే పేరును విన్నంతమాత్రాన అపరిచితుడు దానిని వాడుకోరాదు.

సోదరులారా! మన రెండు భాషలలోనూ ఈ గౌరవానికి మెట్లున్నాయి. ఉర్దూలో తూ, తుమ్, ఆప్. తెలుగులో నువ్వు, మీరు. కొన్ని ప్రాంతాలలో ‘నువ్వు’ అనటం ఆత్మీయతే కావచ్చు. కానీ కారు దిగినవానికి ‘మీరు’, చెత్త ఎత్తేవానికి ‘నువ్వు’ అంటే అది ఆత్మీయత కాదు, మనిషిని అతని బట్టలను బట్టి తూచటమే. తెలియని వ్యక్తితో ‘మీరు’ అని మొదలుపెట్టటం క్షేమం. అన్నా, అక్కా, అమ్మా వంటి వరుసలు మన నేల ఇచ్చిన మంచి పిలుపులే. అయినా నలభై ఏళ్ల స్త్రీని ‘ముసలమ్మా’ అంటే ఆమె నొచ్చుకోవచ్చు. సందేహమున్నప్పుడు, ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడగటంలో చిన్నతనమేమీ లేదు.

కులం పేరుతో ఎవరినీ పిలవకండి. ఎస్సీ, ఎస్టీలను పదిమందిలో కులం పేరుతో దూషించటం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. విశ్వాసికి చట్టం కన్నా ముందే దైవభీతి ఉండాలి. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహచరుడు ఒక వ్యక్తిని అతని తల్లిని ప్రస్తావించి అవమానించినప్పుడు, ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. పేరు అడగకుండా ‘ఓ సాయిబూ’ అని ఎవరైనా పిలిస్తే మన మనసు చివుక్కుమంటుంది. మరి మన ఊరికి పొట్టచేతబట్టుకుని వచ్చిన కూలీని మనం ‘ఏయ్ బిహారీ’ అనవచ్చా? మనకోసం కోరుకునేదాన్నే తోటివారికోసం కోరుకోవటం విశ్వాస లక్షణం కదా!

ఈ మర్యాద ముస్లిములకే పరిమితం కాదు. తన ధర్మాన్ని అనుసరించని హిరఖ్ల్ చక్రవర్తికి రాసిన లేఖలో దైవప్రవక్త (స) అతణ్ణి రోమనుల అధినేతగా సంబోధించారు. ఫిరౌను వంటి దుర్మార్గుని వద్దకు పంపుతూ సైతం హజ్రత్ మూసా, హారూన్ (అలైహిముస్సలామ్)లను మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు (20:44).

చివరిగా ఒక హెచ్చరిక. నమాజులు, రోజాలు, జకాత్‌లతో వచ్చి, తాను తిట్టినవారికి, బాధించినవారికి పుణ్యాలన్నీ పంచి ఇచ్చి ఖాళీ చేతులతో మిగిలేవాడే నిజమైన దివాలాకోరు అని ముస్లిం గ్రంథంలోని హదీసు సారాంశం. దాసుల హక్కులకు భంగం కలిగిస్తే, ఆ దాసుని వద్దే క్షమాపణ పొందాలి. ఇంట్లోవారిని నొప్పిస్తే సాయంత్రానికి క్షమాపణ అడగవచ్చు. పొరుగువానిని నొప్పిస్తే రేపు తలుపు తట్టవచ్చు. కానీ బస్టాండులో నొప్పించిన అపరిచితుడు జనంలో కలిసిపోయాడు. అతణ్ణి మళ్ళీ ఎక్కడ వెదుకుతాము? ప్రళయదినాన మాత్రం అతడు తప్పక ఎదురవుతాడు. అందుకే ముక్కూ మొహం తెలియని మనిషి విషయంలో నాలుకను మరింత అదుపులో ఉంచుకోవాలి.

ఓ అల్లాహ్! మా నాలుకలను పరిశుభ్రపరచు. నీ దాసులను గౌరవంగా పిలిచే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.