క్లిక్కుల లెక్క కాదు, చీరల లెక్క చూడవలెను

తిరునిన్రవూరు మొదలు తిరుత్తణి వరకు గల మన నేత కుటుంబములలో ఇంటర్నెట్టు ద్వారా చీరలు, పంచెలు నేరుగా అమ్మదలచినవారు గూగుల్ వంటి కంపెనీలకు ప్రకటనలు ఇచ్చుచున్నారు. ప్రకటనను ఎవరైన నొక్కిన ప్రతిసారి మనము కొంత సొమ్ము చెల్లించవలెను. ఆ సొమ్ము మగ్గము మీది రాబడిలో నుండియే పోవును గనుక నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మన ప్రకటన గూగుల్‌లో మాత్రమే కాక, దానితో ఒప్పందము గల ఇతర సైట్లలోను కనబడును. వీటిని భాగస్వామి సైట్లు అందురు. అచ్చట నొక్కినచో మనము చెల్లించిన దానిలో ఒక వాటా ఆ సైటు యజమానికి ముట్టును. చీర అమ్ముడుపోకున్నను అతని వాటా అతనికి వచ్చును. చిక్కంతయు ఇందులోనే యున్నది. ఈ సైట్లలో మంచివియు కలవు. కొన్నిచోట్ల ఫోనులో ఆటలాడు పిల్లల వ్రేలు పొరపాటున తగులును. కొందరు మోసగాండ్రు యంత్రములచే నొక్కింతురు. ఇట్టి దొంగ క్లిక్కులకు సొమ్ము వసూలు చేసిరని ప్రకటనదారులు వేసిన దావాలో, 2006లో గూగుల్ అమెరికాలో 9 కోట్ల డాలర్ల వరకు ఇచ్చుటకు రాజీపడినది.

తిరుత్తణి ఆడికృత్తిక నాడు అంగడి ముందు నిలిచినవారందరు చీర కొనరు గదా! ఇదియు అంతే. తడిసిన నూలు తూకములో ఎక్కువ, నేతలో తక్కువ.

లెక్క కొరకు ఇట్లనుకొందము. గూగుల్‌లో 200 క్లిక్కులకు 2,000 రూపాయలు అయినది. 8 చీరలు పోయినవి. భాగస్వామి సైట్లలో 250 క్లిక్కులకు 1,000 రూపాయలే అయినది. ఒక్క చీర పోయినది. మొదటిచోట క్లిక్కు 10 రూపాయలు, రెండవచోట 4 రూపాయలు. చౌక ఏది? చీర ఒక్కంటికి మొదటిచోట 250, రెండవచోట 1,000 రూపాయల ఖర్చు. చీరకు 300 రూపాయలు మిగులునట్లయిన, రెండవచోట ఒక చీరకు 700 నష్టము.

కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవలెను.

1. గూగుల్ లెక్కలో భాగస్వాముల క్లిక్కులను విడదీసి చూడవచ్చును. ప్రతి నెల రెండింటిని వేరుగా వ్రాసికొనవలెను.

2. ఫోనులోను వాట్సాప్‌లోను వచ్చు బేరములను మరువరాదు. "మా చీర ఎక్కడ చూచితిరి?" అని ప్రతివారిని అడిగి పుస్తకములో వ్రాయవలెను.

3. వచ్చినవారు క్షణములో వెడలిపోవుట, మనము సరకు పంపని ఊళ్లనుండి క్లిక్కులు వచ్చుట, ఒకే గంటలో గుంపుగా వచ్చుట అనుమానించదగిన గుర్తులు.

4. ఇరువది ముప్పది క్లిక్కులు చూచి తీర్పు చెప్పరాదు. అంత కొద్ది క్లిక్కులలో మంచిచోట కూడ బేరము తప్పవచ్చును.

5. తగినన్ని క్లిక్కులు వచ్చియు బేరము లేనిచో భాగస్వాములను ఆపివేయవలెను. సెర్చ్ ప్రకటన పెట్టునప్పుడు ఆ గడిలో టిక్కు ముందే యుండును. దానిని తీసివేసిన చాలును. బేరము తెచ్చుచున్నచో ఉంచుకొనవలెను.

క్లిక్కులు వేలు వచ్చినవని మురియుట కంటె, చీరకు ప్రకటన ఖర్చెంత పడినదో తెలిసికొనుట మేలు. పడుగు వేయుటకు ముందు పోగులు లెక్కించు మనకు ఈ లెక్క కష్టము కాదు.