వేగమునకు కళ్ళెము వేసిన అంధుడు

ఒక న్యాయవాది కారు నడుపుచున్నాడు. ఆయన మంచి మాటకారి. తాను మాటలాడునపుడు కాలు తనకు తెలియకయే సడలును, బండి నెమ్మదించును. ప్రక్కవాని మాట వినునపుడు కాలు మరల బిగియును, బండి ఉరుకును. ఇట్లు వాక్యమునకొక కుదుపు చొప్పున ప్రయాణము సాగుచుండగా, ప్రక్కన కూర్చున్న పెద్దమనిషికి చికాకు కలిగినది. కిటికీలోనుండి చెట్లను, ఇండ్లను చూచి కాలక్షేపము చేయు వీలు ఆయనకు లేదు. చిన్ననాటనే రెండు కన్నులును పోగొట్టుకొన్నవాడాయన. వృత్తిచే ఇంజనీరు, పేరు రాల్ఫ్ టీటర్. నేటి కార్లలో ‘క్రూయిజ్ కంట్రోల్’ అను పేర వెలసిన వేగనియంత్రణ సాధనమునకు మూలమైన ఆలోచన ఆ కుదుపులలోనే పుట్టినదని చెప్పుదురు.

టీటర్ 1890లో అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమునందలి హేగర్స్‌టౌన్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఐదవయేట కత్తి మొన జారి ఒక కంటికి గాయమైనది. దాని ప్రభావము రెండవ కంటికిని సోకి, ఏడాది తిరుగకమునుపే చూపు పూర్తిగా పోయినది. ఇంటివారు మాత్రము బిడ్డను మూలను కూర్చుండబెట్టలేదు. రైలుపట్టాలను తనిఖీ చేయుటకు వాడెడి చిన్న బండ్లను తయారుచేయు కర్మాగారము ఆ కుటుంబమునకు కలదు. ఆ యంత్రముల నడుమ, ఇనుమును వ్రేళ్ళతో తడిమి గుర్తుపట్టుచు బాలుడు పెరిగెను. పన్నెండేండ్ల ప్రాయముననే ఒక మోటారుబండిని కూర్చినాడు. కన్నులు లేనివానికి ఇంజనీరింగు విద్య ఏమిటని సందేహించిన విద్యాలయములు లేకపోలేదు. తుదకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. 1912లో అతడు పట్టభద్రుడైనాడు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున అతడు చేసిన పని అతని ప్రజ్ఞ ఎట్టిదో చూపును. నౌకాదళపు డిస్ట్రాయరు ఓడలలోని ఆవిరి టర్బైనులు అతివేగముగ తిరుగునపుడు వాని రోటర్లు కంపించుచు చిక్కు తెచ్చిపెట్టుచుండెను. ఆ రోటర్లను సమతూకములోనికి తెచ్చు పద్ధతిని టీటర్ రూపొందించెను. కంపము కంటికంటె చేతికి ముందు తెలియునది. కన్నులున్నవారు వెదకి వేసారిన చోట అతని అరచేయి జాడ పట్టినదనుటలో వింత లేదు. పిమ్మట అతడు తన కుటుంబమునకు చెందిన, పిస్టను రింగులు తయారుచేయు పర్‌ఫెక్ట్ సర్కిల్ సంస్థలో పనిచేసి దానికి అధ్యక్షుడైనాడు. 1936లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘమునకును అతడే అధ్యక్షుడు.

న్యాయవాది కుదుపులకు తోడు మరియొక కారణమును కలసివచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున టైర్ల రబ్బరును, పెట్రోలును పొదుపు చేయుటకై అమెరికా ప్రభుత్వము 1942లో గంటకు 35 మైళ్ళ వేగపరిమితిని విధించెను. అనగా సుమారు 56 కిలోమీటర్లు. విశాలమైన రోడ్డుపై కాలును అంత అదుపులో ఉంచుకొనుట ఎంత కష్టమో కారు నడిపినవారికి తెలియును. మనిషి కాలు చేయలేని పనిని యంత్రముచేత చేయింపవలెనని టీటర్ సంకల్పించెను. 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. 1950లో అది లభించినది.

ఆ యంత్రము పనిచేయు తీరు సులభముగనే గ్రహింపవచ్చును. చక్రములను త్రిప్పు ఇరుసునుండి చలనము గైకొని చిన్న బరువులు గిరగిర తిరుగుచుండును. వేగము హెచ్చినకొలది అవి వెలుపలికి విచ్చుకొనును. ఆవిరియంత్రమునకు జేమ్స్ వాట్ అమర్చిన గవర్నరు సూత్రమే ఇది. విజ్ఞానశాస్త్ర పాఠములు చదువు విద్యార్థులకు క్రొత్త కాదు. డ్రైవరు తనకు కావలసిన వేగమును ముందుగా ఒక మీటపై నిర్ణయించుకొనును. బండి ఆ వేగమును అందుకొనగనే బరువుల తోపుడు ఒక స్ప్రింగును జయించి, గాలి పీడనభేదముచే కదలు పిస్టను నొకదానిని నడుపును. ఆ పిస్టను యాక్సిలరేటరును ఎదురు నెట్టును. కాలి క్రింద పెడలు హఠాత్తుగ బరువెక్కును. ‘ఇక చాలు’ అని ఎవరో పాదమును తట్టినట్లుండును. అంతియే. వేగము పెంచుకొనవలెనన్నచో మరికొంత బలముగ త్రొక్కవచ్చును, యంత్రము అడ్డుపడదు.

గమనింపదగినదేమనగా, ఈ మొదటి రూపములో కాలు పెడలుమీదనే యున్నది. యంత్రము హెచ్చరించును, నడుపువాడు నడుపుచునే యుండును. కాని జనులు కోరినది వేరు. కాలు పూర్తిగా తీసివేసినను బండి అదే వేగమున సాగవలెనని వారి కోరిక. టీటర్ దానిని కూడ అమర్చినాడు. బ్రేకును ముట్టుకొనగనే యంత్రము విడిపోవు ఏర్పాటుతో, పట్టి ఉంచెడి సాధనము వచ్చినది. 1958లో క్రైస్లరు సంస్థ ఇంపీరియల్ మొదలగు తన కార్లలో దానిని పెట్టి ‘ఆటో పైలట్’ అని పేరిడెను. కాడిలాక్ వారు ‘క్రూయిజ్ కంట్రోల్’ అనిరి. ఆ పేరే నిలిచినది. మొదటి పేరు నిలువకపోవుటయే మేలైనది. పైలట్ అనినచో దారి చూచువాడు. ఈ సాధనమునకు దారి అనునది ఒకటి కలదనియే తెలియదు.

పదునైదేండ్లవరకు ఇది సంపన్నుల కార్లలో ఒక ముచ్చటగానే యుండెను. 1973లో చమురు సంక్షోభము వచ్చినది. మరుసటి ఏడు అమెరికాలో గంటకు 55 మైళ్ళ పరిమితి దేశమంతట అమలులోనికి వచ్చుటతో, నిలుకడ వేగమున పెట్రోలు పొదుపగునని సామాన్యులు సైతము ఈ సాధనమును కోరసాగిరి. యుద్ధకాలపు పొదుపులో పుట్టి, మరల పొదుపు కాలముననే అది పెరిగినది.

సౌకర్యమెల్ల ప్రమాదమే యనుట తొందరపాటు. 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగు విద్యుత్ స్టార్టరును ప్రవేశపెట్టకమునుపు ఇంజనును చేతితో త్రిప్పవలసి యుండెడిది. హ్యాండిలు ఎదురుతన్ని చేతులు విరిగినవారెందరో కలరు. బస్సు ముందు నిలిచి క్లీనరు హ్యాండిలు త్రిప్పుట చూచిన వృద్ధులు మన పల్లెలలోను ఉన్నారు. వాన నీటిని తుడుచు వైపరుకు మేరీ ఆండర్సన్ అను అమెరికా వనిత 1903లో పేటెంటు పొందెను. ఇవియు సౌకర్యములే, ప్రాణరక్షకములును. అయితే వీనికిని టీటర్ సాధనమునకును ఒక భేదమున్నది. స్టార్టరు బయలుదేరుటకు ముందే తన పని ముగించుకొనును. వైపరు చూపును పెంచును. క్రూయిజ్ కంట్రోల్ మాత్రము ప్రయాణము నడుమ, నడుపువాని పనిలో కొంత భాగమును తీసికొని, తక్కినది అతనికి విడిచిపెట్టును. ఆ మిగిలినదే చూచుట. చేయుటకు పని లేక కేవలము చూచుచు కూర్చుండుట మనుష్యులకు చేతనగునా?

ఈ ప్రశ్నకు సమాధానము కార్లలోగాక యుద్ధవిమానములలో దొరకినది. రాడారు తెరలకు కన్నులప్పగించి శత్రువు జాడకై గంటల తరబడి కనిపెట్టుకొనియుండు బ్రిటిషు సైనికులు కొంతసేపటికి గుర్తులను చూడక పోగొట్టుకొనుచుండిరి. కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి 1948లో ఫలితములను ప్రకటించెను. గడియారమువంటి పలకపై ముల్లు క్షణమునకొక గంతు వేయును. ఎప్పుడో అరుదుగ ఒక్కసారిగా రెండు గంతుల దూరము దుముకును. దానిని గుర్తించి మీట నొక్కుటయే పని. పసిపిల్లలును చేయగల పని! అయినను మొదటి అరగంట గడచునప్పటికే తప్పిపోవు గంతుల సంఖ్య హెచ్చినది. వారు సోమరులు కారు, శిక్షణ పొందినవారే. మనస్సు స్వభావమే అట్టిది. 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త ఈ విషయమునే మరియొక వైపునుండి చెప్పెను: యంత్రము ఎంత స్వయంచాలకమైనచో, అది చేతులెత్తివేసిన ఘడియలో మనిషి చేయవలసిన పని అంత కఠినమగును, ఆ పనికి వలసిన అభ్యాసమును అంతవరకు యంత్రమే అతనికి దూరము చేసియుండును.

ఆ ఘడియ ఎంతటిదో తెలిసికొనుటకు నల్లబల్లపై వేయదగిన లెక్క యొకటి కలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున కారు క్షణమునకు సుమారు 14 మీటర్లు సాగును. 100 కిలోమీటర్ల వేగమున 28 మీటర్లు. అపాయమును చూచి కాలు బ్రేకును చేరుటకు ఒక్క క్షణము పట్టునని అనుకొందము. పొడిరోడ్డుపై మంచి బ్రేకులు క్షణమునకు 7 మీటర్ల చొప్పున వేగమును తగ్గించునని అనుకొందము. 50 వేగమున బ్రేకు పడిన తరువాత బండి మరి 14 మీటర్లు పోయి, మొత్తము 28 మీటర్లలో నిలుచును. 100 వేగమున బ్రేకు పడిన పిదప 55 మీటర్లు, మొత్తము 83. వేగము రెట్టింపు కాగా నిలుచు దూరము దాదాపు మూడురెట్లయినది, ఏలయన బ్రేకు దూరము వేగవర్గమును అనుసరించి పెరుగును. ఇక క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకొని కాలును వెనుకకు ముడుచుకొని సుఖముగ కూర్చున్నవానికి, అది బ్రేకును చేరుటకు మరి అరక్షణము పట్టినచో ఇంకొక 14 మీటర్లు. ఒక పశువును, ఒక బడిపిల్లను తప్పించుటకు చాలిన దూరమది. సాధనమును వాడునపుడు కుడికాలును బ్రేకు చెంతనే ఉంచుకొనవలెననుట ఇందులకే.

దాని శక్తికి మించిన చోటులును తెలిసియుండవలెను. పాత తరహా సాధనమునకు యాక్సిలరేటరుపైననే గాని బ్రేకుపై అధికారము లేదు. పల్లములో బండి తన బరువుతో తానే వేగము పుంజుకొనుచుండ అది చేయగలిగినది స్వల్పము. తిరుమల కొండనుండి దిగునపుడుగాని, శ్రీశైలము త్రోవలో నల్లమల మలుపులయందుగాని దానిని నమ్ముకొనరాదు. తక్కువ గేరే అచట శరణ్యము. వానలో నీటిపొర పైకి టైరు తేలినపుడు పాదమునకు ఆ తేలిక తెలియును, వెంటనే సడలును. యంత్రమునకు చక్రపు తిరుగుడే లెక్క. ఆధునికమైన వానికి ముందు బండి దూరమును కొలుచు శక్తి వచ్చినది. 1995లో మిత్సుబిషి వారు లేజరు కిరణముతో దూరమును కొలుచు సాధనమును జపానులో ప్రవేశపెట్టిరి. అటుపై మెర్సిడెస్ వారి రాడారు వచ్చినది. అయినను నిలిచియున్న వాహనమును ఇది గుర్తింపకపోవచ్చునని పెక్కు కార్ల చేపుస్తకములే హెచ్చరించుచున్నవి. చేపుస్తకమును చదువువారెందరు?

మన రోడ్ల సంగతి చెప్పనక్కరలేదు. హైదరాబాదు చుట్టునుగల 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారివంటి కంచె గల మార్గములపై ఈ సాధనమునకు పని కలదు. తక్కిన చోట, కోతల కాలమున సగము రోడ్డుపై ఆరబోసిన ధాన్యము, చీకటిపడిన పిమ్మట వెనుక దీపము లేని ట్రాక్టరు, ఎదురుదిక్కుగ వచ్చు మోటారుసైకిలు ఏ రాడారు చేపుస్తకములోను కానరావు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణాశాఖ లెక్కించినది. అందు అధికవేగము కారణముగ చూపబడినవి నూటికి డెబ్బదికి పైబడినవి.

టీటర్ కాలమునాటి మీటలను గూర్చి యొక మాట. కారులోని బొత్తాములు, మీటలు చేతికి తెలియునవి. కన్ను రోడ్డును విడువకయే వ్రేలు వానిని పట్టుకొనగలదు. నేడు చల్లగాలి పెంచుటకు సైతము నున్నని అద్దపు తెరను చూచి తాకవలసిన కార్లు వచ్చినవి. 100 కిలోమీటర్ల వేగమున రెండు క్షణములు తెరను చూచినచో 56 మీటర్ల దారి చూడకయే గడచును. కన్నులున్నవానిని సైతము ఆ రెండు క్షణములు అంధుని చేయు అలంకారమిది. యూరపులో కార్ల భద్రతకు మార్కులు వేయు యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నిబంధనలలో, పూర్తి మార్కులు కావలెనన్నచో మలుపుదీపములు, అపాయదీపములు, వైపరు, హారను, అత్యవసరపు పిలుపు వీనికి చేతికి తగులు విడి మీటలుండవలెనని నిర్ణయించినది.

టీటర్ 1982లో కన్నుమూసెను. యూరపు సమాఖ్య 2024 జూలైనుండి క్రొత్త కార్లన్నింటిలో వేగపరిమితిని గుర్తుచేయు సాధనమును నిర్బంధము చేసినది. తయారీదారులు ఎంచుకొనదగిన పద్ధతులలో ఒకటి ఇది: పరిమితి దాటగనే పెడలు పాదమును మెల్లగ ఎదురు నెట్టును; డ్రైవరు కావలెనన్నచో బలముగ త్రొక్కి దానిని మీరవచ్చును. కాలును తీసివేయనీయని టీటర్ మొదటి యంత్రము చేసిన పనియు ఇదియే.