నగరం అంచుకు తరలిన అంగడి

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు చేరువలో ఏక్‌బాల్‌పూర్ అనే పాత పేట ఉంది. ఇటువంటి పేటల్లో ఇల్లు, దుకాణం ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఉప్పూ పప్పూ కొనాలంటే నాలుగడుగులు వేస్తే చాలు. పండుగ బట్టలకు 1874లో తెరిచిన న్యూ మార్కెట్ ఉంది. పిల్లల సరదాకు 1876లో తెరిచిన అలీపూర్ జంతు ప్రదర్శనశాల ఉంది. అంటే వర్తకం, వినోదం రెండూ ఒకప్పుడు నగరం లోపలే పెరిగాయి. మరి తరువాత అవి నగరం అంచుకు ఎందుకు తరలాయి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

తూర్పు అంచు కథ

కోల్‌కతాకు పడమట హుగ్లీ నది, తూర్పున చిత్తడి నేలలు ఉన్నాయి. 1960వ దశకంలో నది అడుగు నుంచి తోడిన ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి, ఉప్పు చెరువులను పూడ్చి సాల్ట్ లేక్ ఉపనగరం నిర్మించారు. అక్కడ 1991లో నిక్కో పార్క్ అనే వినోద ఉద్యానం వెలిసింది. తూర్పు బైపాస్ రోడ్డు పక్కన 1997లో సైన్స్ సిటీ ప్రారంభమైంది. 2004లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా రూపొందించిన సిటీ సెంటర్ సాల్ట్ లేక్‌లో తెరుచుకుంది. మెట్ల కుండం చుట్టూ జనం తీరికగా కూర్చునేలా ఆయన దాన్ని తీర్చారు. ఇంకా తూర్పుకు జరిగితే న్యూ టౌన్‌లో 2012లో 480 ఎకరాల ఎకో పార్క్ ప్రారంభమైంది.

ఎందుకు అంచునే?

మొదటి కారణం భూమి. పాత పేటలో స్థలాలు చిన్నవి, యజమానులు ఎందరో. అంచున పెద్ద స్థలం ఒకేచోట దొరుకుతుంది, ధర కూడా తక్కువ. రెండవ కారణం వాహనాలు. ఒక కారు నిలపడానికి, మళ్లే దారితో కలిపి, సుమారు 25 చదరపు మీటర్లు కావాలి. వెయ్యి కార్లకు 25,000 చదరపు మీటర్లు, అంటే ఆరు ఎకరాలకు పైనే! ఇంత చోటు పాత బజారులో ఎక్కడ దొరుకుతుంది? మూడవ కారణం ఆకర్షణ. ఒక పెద్ద దుకాణమో, సినిమా హాలో జనాన్ని రప్పిస్తే, ఆ జనమే చుట్టుపక్కల చిన్న దుకాణాల్లోనూ కొంటారు.

ఈ పద్ధతికి అమెరికాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ కేంద్రం తొలి నమూనాల్లో ఒకటి. హైదరాబాదులో 2009లో దుర్గం చెరువు సమీపాన వచ్చిన ఇనార్బిట్ మాల్ మనకు తెలిసిన ఉదాహరణ.

మూల్యం ఎవరిది?

నగరం అంచు ఖాళీ నేల అనుకోవడం పొరపాటు. కోల్‌కతా తూర్పున దాదాపు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలకు 2002లో రామ్సర్ గుర్తింపు లభించింది. నగరపు మురుగునీరు కాలువల ద్వారా ఇక్కడి చెరువులకు చేరుతుంది. ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి దాన్ని శుద్ధి చేస్తాయి. ఆ నీటిలో చేపలు పెరుగుతాయి, ఆ నీటితోనే కూరగాయలు పండుతాయి. అవే మళ్లీ నగరపు బజార్లకు వస్తాయి. చెరువు పూడ్చి కట్టడం కడితే జాలరి బతుకుతెరువు పోతుంది, వాననీరు నిలిచే చోటు పోతుంది, ఖర్చు లేని శుద్ధి కేంద్రమూ పోతుంది. అందుకే 1992లో కలకత్తా హైకోర్టు ఈ నేలల మార్పిడిని అడ్డుకుంది. 2006లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది.

మరో ప్రశ్న కూడా ఉంది. సొంత వాహనం లేనివారు ఏక్‌బాల్‌పూర్ నుంచి పది కిలోమీటర్లు దాటి అక్కడికి ఎలా వెళ్తారు? సాల్ట్ లేక్‌కు 2020లో మెట్రో వచ్చింది. 2025లో ఆ మార్గం హౌరా వరకు పూర్తిగా కలిసింది. దారి కలిస్తేనే అంచు అందరిదవుతుంది. బ్రిటన్ 1996లో మరో మార్గం పట్టింది. పట్టణం నడుమ చోటు లేదని తేలాకే అంచున పెద్ద దుకాణాలకు అనుమతి పరిశీలించాలని విధానం తెచ్చింది.

విద్యార్థులారా! మీ ఊరి చివర కొత్త మాల్ కడుతుంటే మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. ఇంతకుముందు ఆ నేల ఏమిటి? వాననీరు ఇప్పుడు ఎటు పోతుంది? బస్సులో వచ్చేవారికి దారి ఉందా? ఈ మూడింటికీ జవాబులు దొరికితే, ఆ కట్టడం ఊరికి ఇచ్చేదేమిటో, తీసుకొనేదేమిటో మీకే తెలుస్తుంది.