బండికి దెబ్బ తగిలాక మొదటి అరగంట

సూరత్ నుంచి హజీరా వైపు వెళ్ళే రోడ్డు మీద కారవాన్ కనిపించడం ఇంకా అరుదే. కనిపించిందంటే మాత్రం అది చాలావరకు ఫెర్రీ కోసమే వస్తోందనుకోవచ్చు. 2020 నవంబర్ 8న ప్రధాని ప్రారంభించిన హజీరా-ఘోఘా రో-పాక్స్ సర్వీసుతో, 370 కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్ళాల్సిన దారి సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది. పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకు దిగింది. బండితో సహా ఓడెక్కి ఖంభాత్ సింధుశాఖ దాటితే అవతల భావ్‌నగర్, పాలితానా, గిర్, సోమనాథ్. డిసెంబర్ సెలవులకు డల్లాస్ నుంచో ఆక్లండ్ నుంచో వచ్చిన పిల్లలు "కారవాన్ అద్దెకు తీసుకుని అటు వెళ్దాం" అనడం ఇప్పుడు మా ఇళ్ళలో వింత కాదు.

సూరత్‌కు తెలుగువాళ్ళు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కారు. మగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. హజీరాలోని ఎరువుల, ఉక్కు, గ్యాస్ కర్మాగారాల్లో ఉద్యోగాలకు వచ్చినవాళ్ళది తర్వాతి వరుస. ఆ ఇళ్ళ పిల్లలే ఇప్పుడు మీరున్న దేశాల్లో ఉన్నారు. వాళ్ళు శీతాకాలంలో ఇక్కడికొచ్చి బండి నడుపుతారు. వేసవిలో అమ్మానాన్నలను అక్కడికి పిలిపించుకుని, ఆర్వీలో ఎక్కించుకుని యెల్లోస్టోన్ చూపిస్తారు. రెండు చోట్లా చిన్న ప్రమాదాలు జరుగుతాయి. అద్దం పగులుతుంది, బంపర్ ఊడుతుంది, పైకప్పు గీసుకుపోతుంది. ఎవరికీ పెద్దగా దెబ్బలు తగలని ఇలాంటి చోట మనల్ని పెద్ద చిక్కులో పడేసేది చాలాసార్లు ఆ గుద్దుడు కాదు, పరాయి దేశపు రోడ్డు మీదికి మనం మోసుకెళ్ళిన సొంత ఊరి అలవాటు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ముందు హజీరా రోడ్డు సంగతి. ఇక్కడ మొదలయ్యే 53వ నంబరు జాతీయ రహదారి ధూలే, నాగపూర్, రాయ్‌పూర్ మీదుగా ఒడిశాలోని పారాదీప్ వరకు పోతుంది. ఈ చివర రాత్రీ పగలూ ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్లు, ట్యాంకర్లు, రేవుకు వెళ్ళే కంటైనర్లు. ఆ బరువుకు తట్టుకునే రోడ్డు కావాలనే, కేంద్ర రహదారుల పరిశోధన సంస్థ సాయంతో ఇక్కడ ఉక్కు చిట్టెంతో ఒక కిలోమీటరు పొడవున ఆరు వరుసల రోడ్డు వేశారు. 2022లో ప్రారంభమైన ఆ రోడ్డు దేశంలో ఆ తరహాలో మొదటిది.

అమెరికాలో నేర్చుకున్నవాళ్ళకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అలవాటైన చేయి రోడ్డు గీతకు తన ఒంటిని ఎంత దూరంలో ఉంచుకోవాలో లెక్క వేసుకుని ఉంటుంది. ఇక్కడ కుడివైపు కూర్చుని అదే లెక్కతో నడిపితే బండి ఎడమ పక్క రోడ్డు అంచు దాటి పోతుంది. హజీరా రోడ్డులో ఎడమ అంచునే ట్రైలర్లు ఆపి ఉంటాయి, కొన్నింటికి వెనక రిఫ్లెక్టర్లు కూడా ఉండవు. ముందు పోయేది అద్దం. ఇంకోటి, కారవాన్ వెనక చక్రాల తర్వాత కూడా చాలా పొడవు ఉంటుంది. కుడికి తిప్పితే తోక ఎడమకు ఊగి పక్కనున్న బైకును తాకుతుంది, నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

తాకింది. ఇప్పుడేం చేయాలి?

బండి ఆపాలి. నాలుగు లైట్లూ మినుకుమనిపించాలి. లోపలున్నవాళ్ళను ట్రాఫిక్ లేని పక్కనుంచి దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. ఆ వెంటనే చేయాల్సిన పని మామూలు కారులో ఉండదు, కారవాన్‌లో మాత్రం అన్నిటికన్నా ముఖ్యం: వంట గ్యాస్ సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయాలి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటే ఆర్పేయాలి. గ్యాస్ ప్లాంట్ల పక్కన బతికే మాకు ఇది అదనంగా చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబర్ 24న తెల్లవారకముందే ఓఎన్‌జీసీ ప్లాంటులో పేలుళ్ళు, మంటలు చూసిన ఊరు ఇది. పైపుల్లో వచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. సిలిండర్లోని ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే కారవాన్ నేల మీద, మంచం కింద అరల్లో నీళ్ళలా నిలుస్తుంది. నిలబడ్డవాడి ముక్కుకు వాసన అందకపోవచ్చు. అందుకే గుద్దుడు చిన్నదైనా లోపలికి దూరి సామాన్లు చూసుకోవడం, లైటు వేయడం, టీ పెట్టడం వద్దు. తలుపులు తెరిచి బయట ఉండండి.

హెచ్చరిక త్రికోణం వెనక దూరంగా పెట్టండి. ఇక్కడి లారీవాళ్ళు రాళ్ళూ చెట్టు కొమ్మలూ పేరుస్తారు. బండి కదిలాక వాటిని తీయకుండా పోతారు, రాత్రి వేళ ఆ రాయే ఇంకో ప్రమాదానికి కారణం. మీరు పెట్టినా, మీకు సాయం చేసినవాళ్ళు పెట్టినా, వెళ్ళేముందు తీసేయండి.

తర్వాత ఫోటోలు. గీత పడ్డ చోటు ఒక్కటే తీస్తే చాలదు. రెండు బండ్లూ కలిసి, రోడ్డు గీతలతో సహా, ముందు చక్రాలు ఏ వైపు తిరిగి ఉన్నాయో తెలిసేలా, కిలోమీటరు రాయి గానీ సైన్‌బోర్డు గానీ కనబడేలా తీయాలి. రెండు నంబరు ప్లేట్లు, ట్రైలరైతే తలుపు మీద రాసి ఉన్న ట్రాన్స్‌పోర్ట్ పేరు కూడా. అప్పుడే బండ్లను పక్కకు తీయాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 134వ సెక్షన్ ప్రకారం, ఎవరికైనా గాయమైనా ఎదుటివారి ఆస్తి దెబ్బతిన్నా డ్రైవరు గాయపడ్డవాళ్ళకు వైద్యం అందేలా చూడాలి. దగ్గర్లో పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు సమీప పోలీస్ స్టేషన్లో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి పాలసీ నంబరు, చోటు, సమయం, డ్రైవరు లైసెన్స్ వివరాలు రాసి ఇవ్వాలి. వైద్యం అందేలా చూడాలన్న ఆ బాధ్యతకు, గుంపు ఆగ్రహం వల్ల వీలుకాకపోతే అన్న మినహాయింపు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మన రోడ్లు తెలిసినవాళ్ళు రాసిన వాక్యం అది. అయిదు నిమిషాల్లో యాభైమంది పోగై గొంతులు లేస్తుంటే, అక్కడ నిలబడి న్యాయం వాదించడం ధైర్యం అనిపించుకోదు. 112కు ఫోన్ చేసి చెప్పి, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి. ఈ దారిలో ఇచ్ఛాపోర్‌లోనూ హజీరాలోనూ స్టేషన్లు ఉన్నాయి. స్టేషన్‌కు వెళ్ళడం వేరు, పారిపోవడం వేరు. ఆ తేడా నిలబడాలంటే వెళ్తున్నట్టు ముందు ఫోన్ చేసి ఉండాలి.

విదేశాల్లో పెరిగిన పిల్లల పట్ల నాకు ఒక్క విషయంలో బెంగ. వాళ్ళకు ఇన్సూరెన్స్ కంపెనీ అంతా చూసుకుంటుందన్న నమ్మకం. తప్పు ఎదుటివాడిదైతే ఖర్చు మొత్తం వాడే కట్టాలని పట్టుబడతారు. ఎదురుగా నిలబడ్డ ట్రైలర్ డ్రైవరు బిహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చినవాడు, బండి అతనిది కాదు. యజమాని నష్టాన్ని అతని జీతంలో కోసేయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. కాబట్టి అతన్ని నిలదీయకండి, తలుపు మీదున్న నంబరుకు ఫోన్ చేసి యజమానితో మాట్లాడండి. పాలసీ యజమాని పేరు మీదే ఉంటుంది. ఇది దయకు సంబంధించిన మాటే అయినా, డబ్బు రావాలన్నా దారి ఇదే.

చిన్న గీతకు అక్కడికక్కడే మాట్లాడుకుని సర్దుకోవడం ఇక్కడ మామూలు. దాన్ని నేను తప్పనను. ఎవరికీ గాయం లేకుండా, బండి మీ సొంతదై, పోయింది ఒక అద్దమే అయితే సర్దుకోండి. కానీ ఒక కాగితం మీద తేదీ, చోటు, రెండు బండ్ల నంబర్లు, ఇచ్చిన మొత్తం, ఇక బాకీ లేదన్న మాట రాసి ఇద్దరూ సంతకాలు చేసి ఫోటో తీసుకోండి. అద్దె బండి అయితే యజమానికి ఫోన్ చేయకుండా రూపాయి కూడా ఇవ్వకండి, పుచ్చుకోకండి. మీకు రాని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. సూరత్‌లో గుజరాతీ చదవగల తెలుగువాళ్ళకు కొదవ లేదు, ఎవరికో ఒకరికి ఫోటో పంపి చదివించుకోండి.

అద్దెకు తీసుకునేటప్పుడే చూడాల్సినవి రెండున్నాయి. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు బండిని ఎవరైనా చవగ్గా అద్దెకిస్తే తీసుకోవద్దు, దెబ్బ తగిలిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ తప్పుకుంటుంది. రెండోది అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్‌లో బి వర్గానికి సీట్ల, బరువు పరిమితులుంటాయి. పెద్ద వ్యాను మీద కట్టిన కారవాన్ వాటిని దాటవచ్చు. ఆర్సీలో సీట్లు, బరువు చూసి మీ పర్మిట్‌తో సరిపోల్చుకోండి.

ఇప్పుడు అటువైపు. మన ఊరి సర్దుబాటు అలవాటుతో అక్కడ నడిపితే ఏమవుతుందో చూడండి. జర్మనీలో ఆగి ఉన్న కారును మీ మోటర్ హోమ్ గీకిందనుకుందాం. అద్దం మీద ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టి వెళ్ళిపోతే మంచి మనిషి పనే అనిపిస్తుంది. అక్కడ అది చాలదు. తగినంతసేపు ఆగాలి, యజమాని రాకపోతే పోలీసులకు చెప్పాలి. లేకపోతే అది ప్రమాదస్థలం నుంచి పారిపోయిన నేరం. జపాన్‌లో చిన్న గీతకైనా పోలీసులను పిలవాల్సిందే, వాళ్ళ దగ్గర నమోదు కాకపోతే ప్రమాద ధృవపత్రం రాదు, అది లేకుండా ఇన్సూరెన్స్ సాగడం కష్టం. కాలిఫోర్నియాలో ఎవరికైనా గాయమైనా, నష్టం 1,000 డాలర్లు దాటినా పోలీసులు వచ్చారా లేదా అన్నదానితో పని లేకుండా 10 రోజుల్లో డీఎంవీకి ఎస్ఆర్-1 ఫారం పంపాలి. న్యూజిలాండ్‌లో గాయమైతే 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి. ఆస్తి మాత్రమే దెబ్బతింటే యజమానికి 48 గంటల్లో, ఆయన దొరక్కపోతే పోలీసులకు 60 గంటల్లో తెలపాలి. ఆ దేశంలో ప్రమాదాల్లో గాయపడ్డ సందర్శకులకు కూడా ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ చికిత్సకు సాయం చేస్తుంది. బండికి మాత్రం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కడ తప్పనిసరి కాదు, కాబట్టి ఎదుటి కారుకు పాలసీ ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ఆర్వీకి పైకప్పు ఒక పెద్ద గండం. నార్త్ కరొలినాలో మనవాళ్ళు ఎందరో ఉండే డర్హమ్‌లో గ్రెగ్సన్ వీధి రైలు వంతెన ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది. అద్దె ట్రక్కులూ ఆర్వీలూ దాని కింద దూరి పైకప్పులు చీల్చుకున్నాయి. 2019లో ఎనిమిది అంగుళాలు పైకెత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు, ఆ తర్వాతా గుద్దేవాళ్ళు గుద్దుతూనే ఉన్నారు. మీ ఆర్వీ ఎత్తు పైనున్న ఏసీతో కలిపి కొలిచి, అడుగుల్లోనూ మీటర్లలోనూ స్టీరింగ్ ముందు అంటించుకోండి. చాలా అద్దె ఒప్పందాల్లో పైకప్పు, బండి అడుగు భాగం దెబ్బతింటే బీమా వర్తించదని ఉంటుంది. పూర్తి కవర్ కొన్నామనుకున్నవాళ్ళు కూడా అక్కడే దొరికిపోతారు.

అమ్మానాన్నలు బండిలో ఉన్నప్పుడు ఇంకో చిక్కు. "ఏం కాలేదులే నాన్నా, వాళ్ళతో గొడవెందుకు, పోదాం పద" అంటారు. మెడ పట్టేసినా పైకి చెప్పరు. పరాయి దేశంలో ఆసుపత్రి ఖర్చు భయం వాళ్ళది. వాళ్ళ మాట విని కదలొద్దు. ఆ రోజే డాక్టరుకు చూపించి, విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. మూడు రోజుల తర్వాత నొప్పి ముదిరితే, ప్రమాదం వల్లే వచ్చిందని నిరూపించే కాగితం మీ దగ్గర ఉండాలి.

మళ్ళీ ఇటువైపుకు వస్తే, గాయం విషయంలో భారతదేశం ఇప్పుడు మీరు వినే పాత కథల్లా లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ 2007లో గుజరాత్‌కు వచ్చింది. సూరత్‌లో ఆ నంబరు తిప్పినప్పుడు వచ్చే బండి వెనక మన తెలుగు నగరపు పని ఉంది. జాతీయ రహదారి మీద 1033కు కూడా చేయవచ్చు. 2019 సవరణతో చేరిన 134ఏ సెక్షన్ వల్ల గాయపడ్డవారికి సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతపెట్టే వీల్లేదు. 2025 మే నుంచి నిర్దేశిత ఆసుపత్రుల్లో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం ఉంది. మీ బండి తగిలి బైకువాడు పడిపోతే ఈ నంబర్లూ ఈ పథకమూ అతనికి తెలియకపోవచ్చు. అక్కడ చెప్పాల్సింది మీరే.

విదేశాల్లోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఏటా వేసవి సెలవులకు ముందు ఒక శనివారం పిల్లలనూ ఊరి నుంచి వచ్చిన పెద్దలనూ కలిపి కూర్చోబెట్టండి. మీ రాష్ట్రంలో, మీ దేశంలో ప్రమాదం జరిగితే ఎన్ని గంటల్లో ఎవరికి చెప్పాలో, అద్దె ఒప్పందంలో ఏ వాక్యం చదవాలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు చేత చెప్పించండి. పెద్దవాళ్ళను తప్పకుండా పిలవండి, ఎందుకంటే రోడ్డు పక్కన "పోదాం పద" అనేది వాళ్ళే.